నల్లనీళ్ళు వదిలేసి తెల్లగుజ్జు కబుర్లా?

వరిగడ్డి, గోధుమగడ్డి, చెరకు పిప్పి నుంచి కాగితం తీసే మిల్లుల గురించి ఎక్కడ చర్చ మొదలైనా చివరికి ఒకే మాట దగ్గర తేలుతుంది: ఎంజైములు వాడితే చాలు. గుజ్జుని తెల్లబరచడానికి క్లోరిన్ బదులు జైలనేజ్ అనే ఎంజైము వాడితే నది బాగుపడుతుందట. గడ్డికి గిరాకీ వచ్చి రైతు పొలంలో నిప్పు పెట్టడం మానేస్తాడట. అడవి మిగులుతుంది, మిల్లు యజమానికి ఖర్చూ తగ్గుతుంది. సదస్సుల్లో, ప్రాజెక్టు దరఖాస్తుల్లో, సైన్సు శీర్షికల్లో ఈ నాలుగు లాభాలూ ఒకే వరసలో వచ్చేస్తాయి. వినడానికి ఎంత బాగుంటుందంటే కాదనడానికి ఎవరికీ నోరు రాదు.

నేను కాదంటున్నాను. ఎంజైము పనికొస్తుంది, అందులో సందేహం లేదు. అయితే అది చేసేది కొసరు పని. కొసరుని అసలుగా చూపిస్తూ పోవడంవల్ల గడ్డి మిల్లుల్లో చెయ్యాల్సిన అసలు పని ఏళ్ళ తరబడి మూలపడి ఉంది. ఎంజైము పేరు చెప్పి ఆ అసలు పనిని తప్పించుకునే వీలు మిల్లులకీ, పరిశోధకులకీ, ప్రభుత్వానికీ కూడా దొరుకుతోంది. నా అభ్యంతరం అక్కడ.

ముందు ఆ ఎంజైము ఏం చేస్తుందో చూద్దాం. గడ్డిలో కాగితానికి కావలసింది సెల్యులోజ్ పీచు. దాన్ని అంటిపెట్టుకుని జైలన్ అనే మరో పదార్థం ఉంటుంది. ఈ రెంటినీ బిగించి పట్టి ఉంచేది లిగ్నిన్. గడ్డిని కాస్టిక్ సోడా వేసి డైజెస్టర్‌లో ఆవిరితో ఉడికిస్తే లిగ్నిన్ చాలా భాగం కరిగి నల్లటి ద్రావణంగా దిగుతుంది. మిల్లులో దాన్ని బ్లాక్ లిక్కర్ అంటారు. మిగిలిన గుజ్జు గోధుమరంగులో ఉంటుంది. రెండు మూడు శాతం లిగ్నిన్ ఇంకా పీచుని వదలకుండా పట్టుకుని ఉంటుంది. దాన్ని వదిలించడమే బ్లీచింగ్. ఉడికేటప్పుడు కరిగిన జైలన్ కొంత, చివర్లో క్షారం బలం తగ్గేసరికి, తిరిగి పీచు మీద పొరలా పేరుకుంటుంది. దాని కింద లిగ్నిన్ చిక్కుకుపోతుంది. జైలనేజ్ ఆ పొరని అక్కడక్కడ కొరికి తెరుస్తుంది. తర్వాత వచ్చే రసాయనం లోపలికి సులువుగా చొరబడుతుంది.

అంతే దాని పని. జైలనేజ్ లిగ్నిన్ జోలికి పోదు. ఒక్క ఎంజైముతో గుజ్జు తెల్లదనం ఒకటి రెండు పాయింట్లకి మించి పెరగదు. దాని తర్వాత క్లోరిన్‌గానీ, క్లోరిన్ డయాక్సైడ్‌గానీ, పెరాక్సైడ్‌గానీ రాకపోతే ఆ గుజ్జు గోధుమరంగు గుజ్జే. క్లోరిన్ స్థానంలో ఎంజైము వస్తుందన్న మొదటి మాటే తప్పు. అది వచ్చేది క్లోరిన్‌కి ముందు. లిగ్నిన్ మీద నేరుగా పనిచేసే ఎంజైము ఇంకొకటుంది, లాకేజ్. దానికి మళ్ళీ మధ్యవర్తిగా మరో రసాయనం కావాలి. ఆ మధ్యవర్తులు ఖరీదైనవి, కొన్ని విషపూరితాలు. అందుకే ఎన్ని ప్రయోగాలు జరిగినా బ్లీచింగ్ కోసం లాకేజ్ మిల్లుల్లో నిలదొక్కుకోలేదు.

ఈ ఆలోచన పుట్టుక తెలిస్తే దాని స్థాయి కూడా తెలుస్తుంది. 1985లో అమెరికాలో కాగితం మిల్లుల దిగువన పట్టిన చేపల్లో డయాక్సిన్ బయటపడింది. క్లోరిన్ వాయువు లిగ్నిన్‌తో కలిసినప్పుడు పుట్టే విషాల్లో అది అన్నిటికన్నా భయంకరమైనది. మిల్లుల మీద ఒత్తిడి ఒక్కసారిగా పెరిగింది. మరుసటి ఏడాది, 1986లో, ఫిన్‌లాండ్ పరిశోధన సంస్థ వీటీటీకి చెందిన లీసా వీకారి బృందం జైలనేజ్‌తో బ్లీచింగ్ రసాయనాలు ఆదా చెయ్యవచ్చని స్టాక్‌హోమ్ సదస్సులో చెప్పింది. మంచి శాస్త్రం, సమయానికి వచ్చింది. 1990లలో కెనడా, స్కాండినేవియా మిల్లులు దాన్ని వాడాయి. ఎందుకు వాడాయో గమనించాలి. క్లోరిన్ వాయువు మాని క్లోరిన్ డయాక్సైడ్‌కి మారుతున్న రోజులవి. డయాక్సైడ్ పేలే స్వభావం ఉన్న వాయువు, బయట కొని లారీలో తెచ్చుకునేది కాదు. మిల్లులోనే జనరేటర్ పెట్టుకుని సోడియం క్లోరేట్ నుంచి తయారుచేసుకోవాలి. జనరేటర్ సామర్థ్యం చాలని మిల్లులకి ఆ కొరత పూడ్చడానికి ఎంజైము ఆసరా అయింది.

అక్కడి నదుల్ని బాగుచేసినవి మాత్రం వేరే మార్పులు. ఉడకబెట్టే దశలోనే లిగ్నిన్ మరింత తీశారు. 1970లో దక్షిణాఫ్రికాలోని ఎన్‌స్ట్రా మిల్లులో మొదలైన, ఆక్సిజన్‌తో లిగ్నిన్ తీసే దశని చాలా మిల్లులు పెట్టుకున్నాయి. క్లోరిన్ వాయువుని పూర్తిగా వదిలేశారు. వీటన్నిటి తర్వాత మిగిలిన చోట ఎంజైము చేరింది. మన దగ్గర ఆ ముందు మెట్లు ఎక్కకుండానే చివరి మెట్టు మీద కాలు పెడదామంటున్నారు.

శాతాల సంగతి తేల్చుకుందాం. ఎంజైము వాడితే క్లోరిన్ 15 నుంచి 25 శాతం ఆదా అవుతుందని చెబుతారు. అది అబద్ధం కాదు. దేనిలో 20 శాతం అన్నదే ఎవరూ అడగరు. ఒక చేతిలెక్క వేద్దాం. గుజ్జులో మిగిలిన లిగ్నిన్‌ని మిల్లులు కప్పా నంబర్‌తో కొలుస్తాయి. గడ్డి గుజ్జు కప్పా 16 అనుకుందాం, అంటే సుమారు రెండున్నర శాతం లిగ్నిన్. మొదటి దశకి టన్ను గుజ్జుకి దాదాపు 40 కిలోల క్లోరిన్ పడుతుంది. క్లోరిన్ వాయువు వాడితే అందులో సుమారు పదో వంతు కర్బన సమ్మేళనాలకి అతుక్కుని ఏఓఎక్స్ అనే కాలుష్యంగా కాలవలోకి వెళుతుంది, అంటే 4 కిలోలు. ఎంజైముతో 20 శాతం తగ్గించండి. 3.2 కిలోలు. ఎంజైము ఊసే లేకుండా, అదే ఆక్సీకరణ శక్తిని క్లోరిన్ డయాక్సైడ్ రూపంలో ఇవ్వండి. ఏఓఎక్స్ ఐదో వంతుకి పడిపోతుంది. 0.8 కిలో. దానికి ముందు ఆక్సిజన్ దశ పెట్టి కప్పాని 16 నుంచి 10కి దించండి. అర కిలో.

2003లో కేంద్ర ప్రభుత్వం కాగితం మిల్లులతో కుదుర్చుకున్న పర్యావరణ బాధ్యత చార్టర్ పెద్ద మిల్లులకి టన్ను కాగితానికి ఏఓఎక్స్‌ని రెండేళ్ళలో 1.5 కిలోలకి, ఐదేళ్ళలో ఒక కిలోకి దించాలని గడువు పెట్టింది. పై లెక్క మళ్ళీ చూడండి. క్లోరిన్ వాయువు, దాని తర్వాత హైపోక్లోరైట్ వాడే మిల్లు ఎంజైము ఎంత పోసినా ఆ గీత కిందకి రాదు. క్లోరిన్ వదిలిన మిల్లు ఎంజైము లేకుండానే వస్తుంది. అయినా మన వ్యాసాల్లో, ప్రకటనల్లో శాతమే కనిపిస్తుంది, కిలోలు కనిపించవు. మురికి ఎక్కువ ఉన్న మిల్లులో 20 శాతం తగ్గింపు కిలోల్లో పెద్దదిగా కూడా కనిపిస్తుంది. ఎంత అధ్వానంగా నడిపితే అంత గొప్ప ఫలితం!

అసలు ఆ మిల్లుకి అంత క్లోరిన్ ఎందుకు పడుతోంది? ఈ ప్రశ్నకి జవాబు గుజ్జుని కడిగే వాషర్ దగ్గర ఉంటుంది. గడ్డి గుజ్జులో పీచుతోపాటు సన్నని తుంపులు, పైపొర కణాలు, మెత్తని పిండిలాంటి కణాలు చాలా ఉంటాయి. అవి నీటిని దిగనివ్వవు. కలప గుజ్జు వాషర్ డ్రమ్ము మీద చకచకా నీళ్ళు వదిలి చాపలా లేస్తే, గడ్డి గుజ్జు బురదలా పట్టుకుని ఉంటుంది. ఉత్పత్తి తగ్గకూడదని డ్రమ్ము వేగం పెంచితే కడుగుడు చాలదు. నీళ్ళు ఎక్కువ పోస్తే బ్లాక్ లిక్కర్ పలచబడి, దాన్ని ఇగర్చడానికి ఆవిరి ఖర్చు పెరుగుతుంది. అందుకని చాలా చిన్న మిల్లులు సగం కడిగిన గుజ్జునే బ్లీచింగ్‌కి పంపేస్తాయి. చివరి వాషర్ మీంచి గుప్పెడు గుజ్జు తీసి పిండి చూడండి. వేళ్ళ సందుల్లోంచి జారే నీళ్ళు చిక్కటి డికాక్షన్ రంగులో ఉంటే ఆ మిల్లు క్లోరిన్‌ని గుజ్జు మీద ఖర్చుపెట్టడం లేదు. అప్పటికే కరిగి, కడిగేస్తే పోయే లిగ్నిన్ మీద తగలేస్తోంది. అక్కడ ఆదా కావాలంటే కావలసింది ఇంకో వాషర్, లేదా పిండి తీసే ప్రెస్సు. పైగా అలాంటి మురికి గుజ్జులో ఎంజైము కూడా సరిగా పనిచెయ్యదు. మిగిలిపోయిన సోడావల్ల పీహెచ్ 10, 11 దగ్గర ఉంటుంది. వాడుకలో ఉన్న ఎంజైములు చాలావాటికి అంతకన్నా తక్కువ కావాలి. దాన్ని దించడానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం పొయ్యాలి. కరిగిన లిగ్నిన్ ఎంజైముకి అడ్డం పడుతుంది. కడిగిన చోట ఎంజైము అవసరం తక్కువ, కడగని చోట దాని సత్తువ తక్కువ.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గడ్డి మిల్లు మురికిలో బ్లీచింగ్ వాటా ఎంత? టన్ను గుజ్జు కావాలంటే రెండు టన్నులకి పైగా గడ్డి ఉడకాలి. అందులో ఉన్న లిగ్నిన్ 350 కిలోలకి పైమాటే. కప్పా 16 దగ్గర బ్లీచింగ్‌కి వెళ్ళే లిగ్నిన్ 24 కిలోలు. మిగతాదంతా, దాంతోపాటు కరిగిన జైలనూ, ఉడకబెట్టడానికి పోసిన 250 కిలోల పైచిలుకు కాస్టిక్ సోడా కూడా బ్లాక్ లిక్కర్‌లో ఉంటాయి. రికవరీ బాయిలర్ ఉన్న మిల్లు దాన్ని చిక్కబరచి, మండించి, ఆవిరి పుట్టించుకుని, సోడాని వెనక్కి తెచ్చుకుంటుంది. రికవరీ లేని మిల్లు దాన్ని కాలవకి వదులుతుంది. శుద్ధి చెరువుల్లో బాక్టీరియా చక్కెరల్ని తింటుంది గాని లిగ్నిన్‌ని పెద్దగా ముట్టదు. అందుకే శుద్ధి చేశామన్న నీళ్ళు కూడా నల్లగానే పారతాయి. ఆ నీళ్ళలోని సోడియం దిగువ పొలాల్ని గట్టిపరుస్తుంది. ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో రామ్‌గంగా, కాళీ నదుల పరీవాహకంలో చిన్న మిల్లుల మీద దశాబ్దాలపాటు నడిచిన గొడవంతా ఈ నల్లనీళ్ళ గురించే. ఈ నీళ్ళు పుట్టేది ఉడకబెట్టే చోట. ఎంజైము చేరేది అది దాటిన తర్వాత. 350లో 24 కిలోల దగ్గర, అదీ పాక్షికంగా, సాయపడే పదార్థాన్ని గడ్డి మిల్లుకి విమోచన మార్గంగా చూపించడం ఏ లెక్కలోనూ నిలవదు.

రికవరీ ఎందుకు పెట్టుకోరు? ప్రధాన కారణం సిలికా. గోధుమగడ్డిలో కంటే వరిగడ్డిలో సిలికా చాలా ఎక్కువ, బరువులో పదో వంతు దాకా ఉంటుంది. టన్ను గుజ్జు వెనక రెండు వందల కిలోల ఇసుక సరుకు వస్తోందన్నమాట. కాస్టిక్‌లో అది సోడియం సిలికేట్‌గా కరిగి బ్లాక్ లిక్కర్‌లో చేరుతుంది. లిక్కర్ జిగటగా మారుతుంది. కలప లిక్కర్‌ని 65, 70 శాతం ఘనపదార్థం దాకా చిక్కబరచగలిగితే గడ్డి లిక్కర్ 45, 50 దగ్గరే మొండికేస్తుంది. ఎవాపొరేటర్ గొట్టాల్లో పెచ్చులు కడుతుంది. సున్నంలో కలిసి దాన్ని మళ్ళీ కాల్చి వాడుకోకుండా చేస్తుంది. దీనికి తోడు 1970లలో కాగితం కొరత వచ్చినప్పుడు ప్రభుత్వం గడ్డి, పిప్పి వాడే చిన్న మిల్లులకి ఎక్సైజ్ రాయితీలిచ్చి ప్రోత్సహించింది. పాత యంత్రాలు దిగుమతి చేసుకుని రోజుకి పదులో ఇరవైలో టన్నులు తీసే మిల్లులు పుట్టగొడుగుల్లా లేచాయి. ఆ పరిమాణంలో రికవరీ బాయిలర్ గిట్టుబాటు కాదు. అంటే చిక్కుముడి రెండు పోగులది: సిలికా, చిన్న పరిమాణం. ఎంజైము ఈ రెంటిలో దేన్నీ విప్పదు.

విప్పే పనులు జరగకపోలేదు. సహరాన్‌పూర్‌లోని కేంద్ర గుజ్జు, కాగితం పరిశోధన సంస్థ బ్లాక్ లిక్కర్‌లోకి పొగగొట్టం వాయువు పంపి సిలికాని విడగొట్టే ప్లాంటుని కేరళలోని హిందుస్థాన్ న్యూస్‌ప్రింట్‌లో నడిపి చూపింది. కొన్ని గడ్డి మిల్లులు ఫ్లూయిడైజ్డ్ బెడ్ రియాక్టర్లు పెట్టుకుని సోడాని సోడాయాష్ గుళికలుగా రాబట్టుకుంటున్నాయి. పంజాబ్‌లో పెద్దగా ఎదిగిన గోధుమగడ్డి మిల్లులు రికవరీ పెట్టుకున్నాకే నిలబడ్డాయి. ఈ పనుల మీద ఎన్ని పిహెచ్‌డీలు వచ్చాయి? కొత్త జైలనేజ్ మీద ఎన్ని వచ్చాయి? మన విశ్వవిద్యాలయాల మైక్రోబయాలజీ విభాగాల్లో బీరువా తెరిస్తే జవాబు దొరుకుతుంది.

ఆ సిద్ధాంత గ్రంథాల పద్ధతి గురించి కూడా చెప్పాలి. దాదాపు అన్నీ ఒకే మూసలో ఉంటాయి. ఏదో మట్టి నుంచి ఒక బూజునో బాక్టీరియానో వేరుచేస్తారు. గోధుమ తవుడు మీద పెంచుతారు. అది వేడికీ క్షారానికీ తట్టుకుంటుందనీ, సెల్యులోజ్‌ని కొరికే ఎంజైము అందులో లేదనీ నిరూపిస్తారు. చివరి అధ్యాయంలో కొన్ని గ్రాముల గుజ్జుని పాలిథిన్ సంచిలో వేసి, ఎంజైము కలిపి, చేత్తో పిసికి, నీటి తొట్టెలో ఉంచుతారు. ఆ గుజ్జు అంతకుముందే కుళాయి నీళ్ళు తేటగా దిగేదాకా కడిగినది. పీహెచ్ గీత మీద నిలబెట్టినది. మిల్లులో అలాంటి గుజ్జు ఎప్పుడూ ఉండదు. గంటకో రకంగా గడ్డి మారుతుంది. వానలో తడిసిన కట్టలు ఒకరోజు, మట్టీ పొట్టూ నిండిన కట్టలు ఇంకోరోజు వస్తాయి. సంచిలో నిజమైనది మిల్లు టవర్‌లో నిజం కావాలంటే మధ్యలో కలపడం, కడగడం, పీహెచ్ నిలపడం అనే ఇంజనీరింగు పని ఉంది. ఆ పని ఎవరూ పిహెచ్‌డీకి ఎంచుకోరు.

ఇంకో విచిత్రం. ఆ అధ్యాయాల్లో ఎంజైము బాగా పనిచేసిందనడానికి ఆధారంగా, గుజ్జు నుంచి ఎన్ని చక్కెరలు విడుదలయ్యాయో పట్టికలు వేస్తారు. ఎక్కువ చక్కెర వస్తే అంత విజయం. మిల్లువాడికి అదే పట్టిక నష్టాల చిట్టా. ఆ చక్కెర గుజ్జులోంచి కరిగిపోయిన జైలన్. గడ్డి గుజ్జులో జైలన్ సమృద్ధిగా ఉంటుంది. పీచు పీచుకి అంటుకుని కాగితానికి బలం రావడంలో దానికి వాటా ఉంది. రోజుకి వంద టన్నుల మిల్లులో ఒక శాతం కరిగిపోతే రోజుకి టన్ను గుజ్జు కాలవపాలు. కాలవలో అది బీఓడీగా, సీఓడీగా తేలుతుంది. అంటే ఏఓఎక్స్‌లో కొంత తగ్గించి ఆక్సిజన్ తినే కాలుష్యంలో కొంత పెంచినట్టు. ఎంజైము మోతాదు టన్నుకి వందల గ్రాముల్లోనే కాబట్టి ఈ నష్టం జాగ్రత్తగా నడిపితే అదుపులో ఉంటుంది. జాగ్రత్తగా నడపలేనివాడికే కదా దీన్ని మందుగా రాసిస్తున్నది!

ఖర్చు తగ్గుతుందన్న వాదన మరీ బలహీనం. ఉప్పునీళ్ళలోకి కరెంటు పంపితే కాస్టిక్ సోడా, క్లోరిన్ జంటగా పుడతాయి. టన్ను కాస్టిక్‌కి సుమారు 880 కిలోల క్లోరిన్ తప్పదు. మన దేశంలో కాస్టిక్‌కి ఉన్న గిరాకీ క్లోరిన్‌కి లేదు. వదిలించుకోవడం కష్టమై కొన్ని కాలాల్లో తయారీదారే ఎదురు డబ్బిచ్చి క్లోరిన్ పంపిన సందర్భాలున్నాయి. ఎదురు డబ్బొచ్చే సరుకులో 20 శాతం ఆదా చేసిపెడతానని వచ్చే ఎంజైముని చిన్న మిల్లువాడు ఎందుకు కొంటాడు? అతను కొనేది రెండు కారణాలకే. కాలుష్య నియంత్రణ మండలి మెడమీద కూర్చుంటే కొంటాడు. కాగితం రీము మీద ఆకుపచ్చ ముద్ర వేసుకోవడానికి కొంటాడు. మొదటిది నిజంగా ఉంటే అడగాల్సింది క్లోరిన్ మానమని. రెండోది కొనుగోలుదారుని మభ్యపెట్టడం.

గడ్డి మంటల మాట మనకి దగ్గరిది కాబట్టి కొంచెం ఆగుదాం. తెలంగాణలో, ఆంధ్రలో హార్వెస్టర్లు వచ్చాక వరిగడ్డి పొలమంతా చెల్లాచెదురుగా పడుతోంది. కూలి పెట్టి ఏరించే స్తోమత లేక, తర్వాతి పంటకి వ్యవధి లేక నిప్పంటిస్తున్నారు. దీనికి కాగితం మిల్లు జవాబన్నది పైకి సబబుగానే కనిపిస్తుంది. కానీ ఉత్తరాదిని చూడండి. పంజాబ్‌లో ప్రధానంగా కాలుతున్నది వరిగడ్డి. మిల్లులు కొంటున్నది గోధుమగడ్డి. గోధుమగడ్డిని అక్కడ తూడీ అంటారు, పశువులకి వేస్తారు, దానికి ధర పలుకుతుంది. మిల్లు పోటీపడుతున్నది పశువుతో, నిప్పుతో కాదు. వరిగడ్డిని అక్కడి మిల్లు ముట్టకపోవడానికి కారణం బ్లీచింగ్ కష్టం కాదు, పైన చెప్పిన సిలికా. దానికి తోడు కొద్ది వారాల్లో దిగే గడ్డిని కట్టలు కట్టించి ఏడాది పొడవునా నిలవ పెట్టుకునే భారం. బేలరు కిరాయి, లారీ బాడుగ, నిలవ చోటు తేలకుండా ఎంజైము వచ్చినంతమాత్రాన ఏ రైతు గట్టు మీదా గడ్డి కట్ట లేవదు. ఇక అడవి సంగతి. రాజమహేంద్రవరం, భద్రాచలం, కాగజ్‌నగర్ మిల్లుల ముఖ్య ముడిసరుకు నేడు రైతులు పొలాల్లో పెంచే సుబాబుల్, జామాయిల్, సరుగుడు. వాటికి బదులు గడ్డి వాడితే మిగిలేది అడవి అని లెక్కకట్టడం పాత వెదురు రోజుల లెక్క.

నాకు ఎదురుచెప్పేవాళ్ళు ఒక బలమైన మాట అంటారు. రికవరీకి కోట్లు కావాలి. డయాక్సైడ్ జనరేటర్‌కి కోట్లు కావాలి. ఎంజైముకి కొత్త టవర్ కూడా అక్కర్లేదు, గుజ్జు నిలవ ఉంచే టవర్‌లోనే గంటా రెండు గంటలు ఉంచితే చాలు. రేపు పొద్దున్నే మొదలుపెట్టవచ్చు. ఏమీ చెయ్యకపోవడంకంటే ఇదైనా మేలు కదా? ఈ వాదనలో మొదటి భాగం అక్షరాలా నిజం. చౌకగా, త్వరగా మొదలుపెట్టవచ్చు. రెండో భాగంతోనే నాకు పేచీ. ఏదో ఒకటి చేశామన్న ధీమా ఏమీ చెయ్యకపోవడంకంటే ప్రమాదం కావచ్చు. మండలి ముందు, బ్యాంకు ముందు, కొనుగోలుదారు ముందు “మేము ఎంజైము వాడుతున్నాం” అన్న ఒక్క వాక్యంతో బాయిలర్ గురించిన ప్రశ్న మరో అయిదేళ్ళు వాయిదా పడుతుంది. చైనా ఈ దారి పట్టలేదు. 1996లో హ్వై నది పరీవాహకంలో ఏడాదికి అయిదు వేల టన్నుల లోపు గుజ్జు తీసే చిన్న మిల్లుల్ని మూయించింది. కఠినమైన పని, ఎన్నో ఉపాధులు పోయాయి. కానీ ప్రశ్న సరైన చోట అడిగింది: బ్లాక్ లిక్కర్‌ని ఏం చేస్తున్నావు? మన 2003 చార్టర్ కూడా చిన్న వ్యవసాయ వ్యర్థాల మిల్లుల్ని అడిగింది అదే. రికవరీ పెట్టుకో, లేదా పాతకాగితానికి మారు. చాలా మిల్లులు పాతకాగితానికే మారాయి. అంటే విధానం కాగితం మీద సరిగానే ఉంది, మన మాటలే దారి తప్పాయి.

ఎంజైముకి న్యాయమైన చోటు లేదా అంటే ఉంది. తమిళనాడు న్యూస్‌ప్రింట్ సంస్థ కరూర్ దగ్గర చెరకు పిప్పితో కాగితం తీస్తోంది. పిప్పిలో సిలికా ఒకటి రెండు శాతమే కాబట్టి రికవరీ నడుస్తుంది. చక్కెర మిల్లులకి ఆవిరి ఇచ్చి పిప్పి తెచ్చుకునే ఏర్పాటుతో ముడిసరుకు సమస్య తీర్చుకుంది. క్లోరిన్ వాయువుని వదిలింది. ఇలాంటి మిల్లులో, బాగా కడిగిన గుజ్జు మీద, డయాక్సైడ్ ఖర్చు తగ్గించడానికి ఎంజైము వాడితే ప్రతి గ్రాముకీ విలువ ఉంటుంది. డయాక్సైడ్ ఖరీదైన సరుకు కాబట్టి ఆదా కూడా నిజమైన ఆదా. కాగితం పరిశ్రమలో ఎంజైములు గెలిచిన ఇతర చోట్లూ ఉన్నాయి. జపాన్‌లో కలప జిడ్డుని వదిలించడానికి లైపేజ్ గెలిచింది. పిండి పదార్థాన్ని పలచబరచడానికి అమైలేజ్ గెలిచింది. అవన్నీ ఒక నిర్దిష్టమైన పనికి, ఆ పనికి తగ్గ చోట వాడినవి. వాటిని ఎవరూ ప్రపంచాన్ని రక్షించే మందుగా ప్రచారం చెయ్యలేదు.

మరొక ప్రశ్న ఈ ఎంజైము సందడిలో పూర్తిగా మాయమైంది. ఇంత తెల్లదనం ఎందుకు? నోటుపుస్తకానికీ, పాఠ్యపుస్తకానికీ, ఆఫీసు ఫారానికీ పాలమీగడలా మెరిసే కాగితం అక్కర్లేదు. చివరి పది పాయింట్ల తెల్లదనం కోసమే బ్లీచింగ్‌లో అదనపు దశలు, అదనపు రసాయనాలు, అదనపు పీచునష్టం. గడ్డి గుజ్జు పొట్టిపీచుది. ఎంత ఎక్కువ బ్లీచ్ చేస్తే అంత బలహీనపడుతుంది. చైనాలోని షాన్‌డాంగ్‌లో ఒక సంస్థ గోధుమగడ్డితో అసలు బ్లీచ్ చెయ్యని, లేత గోధుమరంగు టిష్యూలు చేసి బజారులో అమ్మింది. మన దగ్గర అతిపెద్ద కాగితం కొనుగోలుదార్లలో ప్రభుత్వాలే ఉన్నాయి. పాఠ్యపుస్తకాల టెండర్లో తెల్లదనం అంకెని కొన్ని పాయింట్లు దించితే ఏ ఎంజైమూ ఇవ్వలేని ఆదా ఒక్క సంతకంతో వస్తుంది. పిల్లల కళ్ళకీ ఆ కాగితమే హాయి.

కాబట్టి ఇకముందు ఎవరైనా గడ్డి కాగితానికి ఎంజైము ప్రాజెక్టుతో వస్తే నిధులిచ్చేవాళ్ళు నాలుగు లెక్కలు అడగాలి. పోసిన సోడాలో ఎన్ని కిలోలు వెనక్కి వస్తున్నాయి? చివరి వాషర్ తర్వాత గుజ్జుతోపాటు ఎంత మురికి కొట్టుకొస్తోంది? ఏఓఎక్స్ శాతంలో కాకుండా టన్నుకి కిలోల్లో ఎంత? ఎంజైము దశలో పోయిన గుజ్జు ఎంత, అది ఏ కాలవలో తేలింది? ఈ నాలుగింటికీ జవాబు చెప్పగల మిల్లుకి ఎంజైము ఇవ్వండి, నేనే ముందు చప్పట్లు కొడతాను. చెప్పలేని మిల్లు ఎంజైము అడిగితే ముందు వాషర్ పెట్టుకోమనండి, తర్వాత బాయిలర్ పెట్టుకోమనండి, ఆ రెండూ పెట్టుకున్నాక రమ్మనండి.